ఉద్దానం ప్రాంతంలో పిల్లలకు సాధారణంగా వచ్చే వ్యాధులు

శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీర ప్రాంతాలలో అయిదేళ్ళలోపు పిల్లలకు తరచుగా వచ్చే వ్యాధులు జ్వరం, జలుబు, దగ్గు, విరేచనాలు, చర్మవ్యాధులు, పొంగు, ఆటలమ్మ మొదలైనవి. దేశంలోని ఇతర ప్రాంతాల పిల్లలకూ ఇవే వ్యాధులు వస్తాయి. వీటిలో అధిక భాగం ఇంటి వద్ద తగిన సంరక్షణతోనే కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. ప్రమాదం ఎక్కువగా రెండు కారణాల వల్ల కలుగుతుంది: శరీరంలో నీరు తగ్గిపోవడం, శ్వాస కష్టమైన సంగతిని ఆలస్యంగా గుర్తించడం. ఈ రెండింటినీ వైద్య పరికరాలు లేకుండానే తల్లిదండ్రులు గుర్తించవచ్చు.

పెద్దలలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తృతంగా కనిపించే ప్రాంతం కావడం వల్ల, ఇక్కడ పిల్లల జ్వరానికి ఏ మందు వాడాలి, ఏది వాడకూడదు అనే విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

ప్రాంత నేపథ్యం

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలోని కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి. దక్షిణాన టెక్కలి, దాని సమీపంలో నౌపడ ఉప్పు మడులు ఉన్నాయి. తూర్పున సముద్రతీరం వెంట మత్స్యకార గ్రామాలు, పశ్చిమాన మహేంద్రగిరి పాదాల వద్ద గిరిజన గ్రామాలు ఉన్నాయి. 2022 ఏప్రిల్ లో జరిగిన జిల్లాల పునర్విభజనలో పలాస కొత్త రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది.

ఈ తీరానికి తుపానుల తాకిడి ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. తుపాను తరువాత విద్యుత్తు లేక మంచినీటి పథకాలు ఆగిపోయినపుడు, బావులలో వరద నీరు చేరినపుడు విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ వంటి వ్యాధుల ప్రమాదం పెరుగుతుంది. నీరు నిలిచిన చోట్ల దోమలు వృద్ధి చెందుతాయి.

వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన లక్షణాలు

వ్యాధి పేరు ఏదైనా సరే, కింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా మరుసటి రోజు దాకా వేచి ఉండరాదు.

* పాలు తాగలేకపోవడం, ఏమీ మింగలేకపోవడం
* తాగినదంతా, తిన్నదంతా వాంతి చేసుకోవడం
* ఫిట్స్ రావడం
* మగతగా పడి ఉండడం, లేపినా సరిగా లేవకపోవడం
* శ్వాస వేగంగా ఉండడం, డొక్కలు ఎగరేయడం, మూలగడం
* పెదవులు, నాలుక నీలంగా మారడం
* ఆరు నుండి ఎనిమిది గంటలపాటు మూత్రం పోయకపోవడం
* మలంలో రక్తం పడడం
* మెడ బిగుసుకుపోవడం
* ఒత్తినా చెరగని ఎర్రని లేదా ఊదారంగు మచ్చలు ఒంటిపై రావడం
* మూడు నెలలలోపు శిశువుకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 డిగ్రీల సెల్సియస్) లేదా అంతకు మించిన జ్వరం రావడం

వీటితో పాటు, "బిడ్డ ఎప్పటిలా లేదు" అని తల్లికి అనిపించడాన్ని కూడా వైద్యులు ఒక ముఖ్యమైన సమాచారంగానే పరిగణిస్తారు.

జ్వరం

జ్వరం స్వయంగా వ్యాధి కాదు, శరీరం రోగక్రిములతో పోరాడుతున్నదనడానికి సూచన. థర్మామీటరులో అంకె ఎంత ఉన్నదనే దానికంటే బిడ్డ ప్రవర్తన ముఖ్యం. జ్వరం కాస్త తగ్గగానే ఆడుకుంటూ, పాలు తాగుతూ, మూత్రం సరిగా పోస్తున్న బిడ్డ గురించి అంతగా ఆందోళన పడనవసరం లేదు. జ్వరం తక్కువగానే ఉన్నా నీరసంగా పడి ఉన్న బిడ్డను మాత్రం వెంటనే చూపించాలి.

పిల్లల జ్వరానికి సురక్షితమైన మందు పారాసెటమాల్. దీని మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది. కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలి. అంటే పది కిలోల బిడ్డకు ఒకసారికి 100 నుండి 150 మిల్లీగ్రాములు. ఆరు గంటల వ్యవధి పాటించి, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకుండా ఇవ్వాలి. మూడు నెలలలోపు శిశువుకు వైద్యుని సలహా లేకుండా ఇవ్వరాదు. ఈ మందు చుక్కల రూపంలోనూ, వేరువేరు బలాలు గల సిరప్ ల రూపంలోనూ దొరుకుతుంది. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్ లో అయిదు మిల్లీలీటర్లకు 120, 125 లేదా 250 మిల్లీగ్రాములు ఉండవచ్చు. కాబట్టి సీసా మారినపుడల్లా దానిపై రాసిన బలాన్ని చూసుకోవాలి. చెంచాతో ఉజ్జాయింపుగా పోయకుండా సీసాతో వచ్చే కొలమూతతో కొలవాలి.

పెద్దలకు వాడే నొప్పి మాత్రలను ముక్కలు చేసి పిల్లలకు వేయడం ప్రమాదకరం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు మూత్రపిండాలకు జరిగే రక్తప్రసరణను తగ్గిస్తాయి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి ఉన్న బిడ్డకు వీటిని ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. డెంగీ జ్వరంలో ఇవి రక్తస్రావ ప్రమాదాన్ని కూడా పెంచుతాయి. నిమెసులైడ్ మందును 12 సంవత్సరాలలోపు పిల్లలకు వాడడాన్ని భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది. ఆస్పిరిన్ వల్ల పిల్లలలో కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రే సిండ్రోమ్ అనే అరుదైన వ్యాధి రావచ్చు. మామూలు జ్వరం తగ్గడానికి ఇంజక్షను అవసరం లేదు.

జ్వరంతో ఉన్న బిడ్డకు పలుచని నూలు బట్టలు వేసి గాలి తగలనివ్వాలి. దుప్పట్లు కప్పడం, చన్నీళ్ళతో లేదా మంచుతో ఒళ్ళు తుడవడం తగదు. పాలు, గంజి, మజ్జిగ వంటివి తరచుగా పట్టాలి. జ్వరం వచ్చినపుడు అన్నం మాన్పించి లంఖణాలు చేయించడం వల్ల బిడ్డ మరింత నీరసిస్తుంది.

మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే వైద్యుని సంప్రదించి రక్త, మూత్ర పరీక్షలు చేయించాలి. చలి, వణుకుతో జ్వరం వస్తే మొదటి రోజే మలేరియా పరీక్ష చేయించాలి. మందస మండలంలోని కొండదిగువ గ్రామాలవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. డెంగీలో జ్వరం తగ్గుతున్న సమయమే (సాధారణంగా మూడవ రోజు నుండి ఏడవ రోజు మధ్య) ప్రమాదకరమైనది. జ్వరం తగ్గిందని సంతోషించే సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, చల్లబడిన చేతులు, కాళ్ళు కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

జ్వరంతో వచ్చే ఫిట్స్

ఆరు నెలల నుండి అయిదేళ్ళలోపు పిల్లలలో కొందరికి జ్వరం వేగంగా పెరిగినపుడు ఫిట్స్ వస్తాయి. చూడడానికి భయం గొలిపినా ఇవి ఎక్కువగా అయిదు నిమిషాలలోపే ఆగిపోతాయి. ఆ సమయంలో బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో చెంచా, వేలు, నీరు, మందు ఏదీ పెట్టరాదు. చేతిలో తాళాలు, ఇనుప వస్తువులు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. చురకలు, వాతలు పెట్టడం వల్ల కాలిన గాయం మిగలడం తప్ప వ్యాధి తగ్గదు. ఫిట్స్ మొదటిసారి వచ్చినపుడు, ఆగిపోయినా సరే, వైద్యునికి చూపించాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

జలుబు, దగ్గు, న్యుమోనియా

చిన్నపిల్లలకు సంవత్సరంలో ఆరు నుండి ఎనిమిదిసార్లు జలుబు రావడం అసాధారణం కాదు. ఇది వైరస్ ల వల్ల వస్తుంది కనుక యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. ముక్కు బిగుసుకుంటే ఉప్పునీటి చుక్కలు వేసి శుభ్రం చేస్తే చాలు. ముక్కులో, చెవిలో నూనె పోయరాదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియాకు కారణం కావచ్చు.

వాడుకలో నెమ్ము అని పిలిచే న్యుమోనియాను జలుబు నుండి వేరుగా గుర్తించడానికి శ్వాసను లెక్కించాలి. బిడ్డ ఏడవకుండా, ప్రశాంతంగా లేదా నిద్రలో ఉన్నపుడు చొక్కా పైకెత్తి, పొట్ట పైకి లేచే ప్రతిసారినీ ఒకటిగా, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం కింది సంఖ్యలను వేగమైన శ్వాసగా పరిగణిస్తారు.

* రెండు నెలలలోపు శిశువు: నిమిషానికి 60 లేదా అంతకు ఎక్కువ
* రెండు నెలల నుండి ఏడాదిలోపు: 50 లేదా అంతకు ఎక్కువ
* ఏడాది నుండి అయిదేళ్ళలోపు: 40 లేదా అంతకు ఎక్కువ

శ్వాస వేగంగా ఉంటే అదే రోజు వైద్యునికి చూపించాలి. గాలి పీల్చినపుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోతూ ఉంటే (డొక్కలు ఎగరేయడం) అది తీవ్రమైన వ్యాధికి గుర్తు. అటువంటి బిడ్డకు ఆక్సిజన్ అవసరం కావచ్చు కనుక ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకువెళ్ళాలి. పిల్లికూతలు తరచుగా వస్తుంటే ఉబ్బసం ఉన్నదేమో పరీక్ష చేయించాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నపుడు, క్షయ పరీక్ష అవసరం.

జలుబు ఏమీ లేకుండా, ఆడుకుంటూ ఉన్న బిడ్డకు హఠాత్తుగా దగ్గు, ఆయాసం మొదలైతే గొంతులో ఏదైనా అడ్డుపడిందేమో అనుమానించాలి. జీడిపప్పు పలుకులు, వేరుశనగ గింజలు ఇంట్లో ఎప్పుడూ అందుబాటులో ఉండే ఈ ప్రాంతంలో ఇది గమనించవలసిన విషయం. నాలుగేళ్ళలోపు పిల్లలకు గింజలను పొడి చేసి మాత్రమే పెట్టాలి.

దగ్గు సిరప్ ల వల్ల చిన్నపిల్లలకు మేలు తక్కువ, హాని ఎక్కువ. 2025లో మధ్యప్రదేశ్ లోని ఛింద్వారా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిన దగ్గు సిరప్ తాగి, మూత్రపిండాలు పనిచేయక పలువురు చిన్నపిల్లలు మరణించారు. అదే సంవత్సరం అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ దగ్గు, జలుబు మందులను రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదని, అయిదేళ్ళలోపు పిల్లలకు సాధారణంగా సిఫారసు చేయరాదని సూచించింది. ఏడాది దాటిన పిల్లలకు గోరువెచ్చని నీటితో కొద్దిగా తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు శిశువులకు తేనె నాకించరాదు.

విరేచనాలు

రోజుకు మూడు లేదా అంతకు ఎక్కువసార్లు నీళ్ళగా విరేచనం కావడాన్ని అతిసారం అంటారు. తల్లిపాలు మాత్రమే తాగే శిశువు రోజుకు ఎన్నోసార్లు పలుచగా విసర్జించడం సహజమే, అది అతిసారం కాదు. అతిసారంలో ప్రాణాపాయం కలిగించేది నీరు, లవణాలు కోల్పోవడం. కళ్ళు గుంటలు పడడం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం, నాలుక ఎండిపోవడం, శిశువు మాడు లోపలికి కుంగడం, పొట్టమీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి పోవడం దీని లక్షణాలు.

చికిత్సలో ప్రధానమైనది ఓ.ఆర్.ఎస్. ద్రావణం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనబిస్ దీనిని ఇచ్చి అనేకమంది ప్రాణాలు కాపాడారు. ఒక లీటరు ప్యాకెట్టును పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం ప్యాకెట్టును గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని కలుగుతుంది. కలిపిన ద్రావణాన్ని 24 గంటలలోపు వాడాలి. ప్రతి విరేచనం తరువాత రెండేళ్ళలోపు పిల్లలకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, రెండేళ్ళు దాటినవారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మళ్ళీ పట్టాలి. దీనితోపాటు జింక్ మందును 14 రోజులు ఇవ్వాలి. రెండు నెలల నుండి ఆరు నెలలలోపు వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపై వయసువారికి 20 మిల్లీగ్రాములు. తల్లిపాలు, ఆహారం ఆపరాదు.

ఉద్దానంలో కొబ్బరిబోండాలు సులభంగా దొరుకుతాయి. కొబ్బరినీరు మంచి పానీయమే కాని, అందులో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. కాబట్టి అది ఓ.ఆర్.ఎస్.కు అదనమే తప్ప ప్రత్యామ్నాయం కాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్న పిల్లలకు వైద్యుని అడగకుండా కొబ్బరినీరు ఇవ్వరాదు. శీతల పానీయాలు, తీపి ఎక్కువగా ఉండే పళ్ళరసాలు విరేచనాలను పెంచుతాయి. విరేచనాలను ఒక్కసారిగా బంధించే మాత్రలు చిన్నపిల్లలకు ప్రమాదకరం.

నీటిని మరిగించడం వల్ల సూక్ష్మక్రిములు నశిస్తాయి గాని, నీటిలో కరిగి ఉన్న లవణాలు పోవు. అందువల్ల నీటి స్వచ్ఛత గురించి ఈ ప్రాంతంలో ఉన్న రెండు ఆందోళనలను వేరువేరుగా చూడాలి. వడపోసిన నీరు కొనుక్కున్నా, శుభ్రంలేని పాత్రలో నిలవ ఉంచితే విరేచనాలు రావచ్చు.

చర్మ వ్యాధులు, జీడి పొక్కులు

గజ్జి, చీముపొక్కులు, వేడికురుపులు పిల్లలకు తరచుగా వస్తాయి. గజ్జి ఒకరికి వస్తే ఇంట్లో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి, లేకపోతే మళ్ళీ మళ్ళీ వస్తుంది. గోకడం వల్ల ఏర్పడిన పుండ్లలో చీము పడితే నిర్లక్ష్యం చేయరాదు. దానికి కారణమైన స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కొద్ది వారాల తరువాత మూత్రపిండాల వాపునకు దారితీయవచ్చు.

జీడిపిక్క పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే ఘాటైన పదార్థాలు ఉంటాయి. ఇది తగిలితే చర్మం కాలినట్లు నల్లబడి పొక్కులు లేస్తాయి. పిక్కలు ఒలిచిన చేతులతో బిడ్డను ఎత్తుకున్నా ఈ నూనె అంటుకోవచ్చు. కనుక పని నుండి వచ్చినవారు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్న తరువాతే పసిబిడ్డలను ముట్టుకోవాలి. పచ్చి పిక్కలను నిప్పులో కాల్చేటపుడు నూనె చింది ముఖాన పడే అవకాశం ఉంది కనుక పిల్లలను దూరంగా ఉంచాలి. నూనె తగిలిన వెంటనే సబ్బుతో, ధారాళంగా నీటితో కడగాలి. కంటిలో పడితే కనీసం 15 నిమిషాలు నీటిధారతో కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మూత్రపిండాల వ్యాధులు

ఉద్దానంలో కనిపించే దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ప్రధానంగా పెద్దలలో, ముఖ్యంగా వ్యవసాయ పనులు చేసేవారిలో వస్తుంది. అనేక పరిశోధనలు జరిగినా దాని కారణం నిర్ధారణ కాలేదు. ఈ నేపథ్యంలో పిల్లల ముఖం వాచగానే "అదే జబ్బు వచ్చింది" అని కుటుంబం కుంగిపోవచ్చు. కాని పిల్లలలో వాపులకు కారణాలు సాధారణంగా వేరు, వాటిలో అధికభాగం చికిత్సకు లొంగేవే.

* నెఫ్రోటిక్ సిండ్రోమ్: ఉదయం లేవగానే కళ్ళచుట్టూ ఉబ్బు, తరువాత పొట్ట, కాళ్ళ వాపు, నురగతో కూడిన మూత్రం. మూత్రంలో మాంసకృత్తులు పోవడం దీనికి కారణం. చాలామంది పిల్లలకు స్టెరాయిడ్ మందులతో తగ్గుతుంది. మళ్ళీ రావడం మామూలే కనుక, వాపు తగ్గిందని మందు మధ్యలో మానరాదు.
* మూత్రపిండాల వాపు: గొంతునొప్పి లేదా చర్మపు పుండ్లు వచ్చిన కొద్ది వారాలకు ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాక్షన్ రంగులో, తక్కువగా వస్తుంది. రక్తపోటు పెరిగే ప్రమాదం ఉంది కనుక వెంటనే చూపించాలి. ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు.
* మూత్రనాళ ఇన్ఫెక్షన్: దగ్గు, జలుబు లేకుండా జ్వరం, మూత్రం పోసేటపుడు ఏడుపు. మూత్ర పరీక్షతో నిర్ధారించాలి.

వాపు కనిపించినపుడు మొదట చేయవలసినది సామాన్యమైన మూత్ర పరీక్ష, రక్తపోటు పరీక్ష. నాటు మందులు, ఆకు పసరులు వాడుతూ కాలయాపన చేయడం వల్ల నయమయ్యే వ్యాధి కూడా ముదిరిపోతుంది.

ఆటలమ్మ, పొంగు

ఆటలమ్మలో నీటిపొక్కులు, పొంగులో జ్వరం, దగ్గు, ఎర్రని కళ్ళతోపాటు సన్నని ఎర్రని దద్దుర్లు వస్తాయి. అమ్మవారు పోసిందని భావించి వేపాకులు కట్టడం, పథ్యం పాటించడం ఆచారంగా ఉంది. ఆచారం పాటిస్తూనే వైద్యునికి కూడా చూపించవచ్చు. బిడ్డకు రోజూ స్నానం, మామూలు ఆహారం అవసరం. పొంగు తరువాత న్యుమోనియా, విరేచనాలు, కంటి చూపు దెబ్బతినడం జరగవచ్చు. అందుకే పొంగు వచ్చిన పిల్లలకు వైద్యుని పర్యవేక్షణలో వరుసగా రెండు రోజులు విటమిన్-ఎ ఇస్తారు. ఆటలమ్మ పొక్కులన్నీ చెక్కు కట్టేవరకు బిడ్డను బడికి పంపరాదు. గర్భిణులకు, పసికందులకు దూరంగా ఉంచాలి.

నవజాత శిశువులు

మొదటి నెలలో వ్యాధి లక్షణాలు స్పష్టంగా కనిపించవు. పాలు తాగడం తగ్గించడం, ఒళ్ళు చల్లబడడం, ఏడుపు బలహీనంగా ఉండడం కూడా తీవ్రమైన ఇన్ఫెక్షన్ కు గుర్తులు కావచ్చు. పుట్టిన 24 గంటలలోపు కామెర్లు కనిపించినా, పసుపుపచ్చదనం అరచేతులకు, అరికాళ్ళకు పాకినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఎండలో పెట్టడం దీనికి చికిత్స కాదు. బొడ్డుపై బూడిద, నూనె, పసుపు ఏదీ పెట్టకుండా పొడిగా ఉంచాలి. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీరు కూడా అవసరం లేదు, వేసవిలో సైతం.

నివారణ, టీకాలు

ప్రభుత్వ కార్యక్రమంలో టీకాలన్నీ ఉచితం. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. 6, 10, 14 వారాలలో పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్ టీకాలు. 9 నెలలు నిండాక, మళ్ళీ 16 నుండి 24 నెలల మధ్య మీజిల్స్-రుబెల్లా టీకా ఇస్తారు. న్యుమోనియా నుండి రక్షించే న్యుమోకోకల్ టీకాను 6, 14 వారాలలో, 9 నెలలకు వేస్తారు. రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదటగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా తప్పిపోతే మొదటినుండి మొదలుపెట్టనక్కరలేదు, ఆగినచోటి నుండి కొనసాగించవచ్చు. చిన్నపాటి జలుబు ఉన్నదని టీకా వాయిదా వేయరాదు.

సబ్బుతో చేతులు కడగడం, దోమతెర వాడడం, నులిపురుగుల నిర్మూలన దినం నాడు బడులలో, అంగన్‌వాడీలలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించడం ఇతర నివారణ మార్గాలు.

వైద్య సదుపాయాలు

మామూలు జ్వరం, జలుబు, విరేచనాలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సరిపోతుంది. ఓ.ఆర్.ఎస్., జింక్ అక్కడ ఉచితంగా ఇస్తారు. పలాస, సోంపేటలలో సామాజిక ఆసుపత్రులు, టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. మరింత తీవ్రమైన వ్యాధులకు శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి (రిమ్స్), అక్కడినుండి విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుతారు. ఇచ్ఛాపురం పరిసరాలవారికి ఒడిషాలోని బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం, హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి మంచినీరు అందించే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

టెక్కలి నుండి శ్రీకాకుళానికి సుమారు 50 కిలోమీటర్లు, పలాస నుండి సుమారు 75 కిలోమీటర్ల దూరం ఉంది. తీర గ్రామాల నుండి జాతీయ రహదారికి చేరడానికే కొంత సమయం పడుతుంది. కాబట్టి ప్రమాద లక్షణాలు కనిపించినపుడు తెల్లవారేదాకా ఆగక 108కి ఫోన్ చేయాలి. దారిలో తల్లిపాలు లేదా ఓ.ఆర్.ఎస్. పడుతూ ఉండాలి (బిడ్డ స్పృహలో ఉండి, మింగగలిగితేనే). బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలి. టీకాల కార్డు, అంతకుముందు వాడిన మందుల సీసాలు వెంట తీసుకువెళితే వైద్యునికి చికిత్స నిర్ణయించడం సులభమవుతుంది. జ్వరం ఏ రోజు మొదలయింది, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, నిమిషానికి శ్వాస ఎంత ఉంది అనే మూడు విషయాలు చెప్పగలిగితే మరింత ఉపయోగం.